మొత్తం వచ్చిందా, బావా?

పెద్దమేస్త్రి నోటికి భయపడని లారీ ఆ షెడ్డులో లేదని డ్రైవర్లు అనేవారు. ఇక మనుషుల సంగతి చెప్పనే అక్కర్లేదు. బోల్టు బిగుసుకుపోతే బోల్టును తిట్టేవాడు, ఊడి వస్తే దాన్ని బిగించినవాడి ఏడు తరాలను తిట్టేవాడు. తిట్టడానికి ఏదీ దొరక్కపోతే బావమరిది ఉండనే ఉన్నాడు. పైకి కరకు, లోపల వెన్న అని కొందరి గురించి చెప్పుకుంటారు. ఈయన ఆ రకం కాదు. లోపలా బయటా ఒకటే సరుకు.

చెయ్యి మాత్రం బంగారం. ఇంజను వెనకాల కన్ను పట్టని సందులోకి చెయ్యి దూర్చి, వేలి కొసతో ఒక్కసారి తడిమి, మర అరిగిందో లేదో చెప్పేవాడు. అద్దం పెట్టుకుని చూసే మేస్త్రీలంటే ఆయనకు నవ్వు. "పెళ్ళికూతురు ముస్తాబులా ఆ అద్దమేంట్రా? దేవుడు వేళ్ళిచ్చింది ముక్కులో పెట్టుకోవడానికా?" అనేవాడు. ఆ వేళ్ళ కోసమే అందరూ ఆ నోటిని భరించారు.

ఇప్పుడు ఆ వేళ్ళు పోయాయి. చక్కెర జబ్బు తెచ్చిన మొద్దుబారడం ముందు కాళ్ళలో మొదలై, తర్వాత చేతుల్లోకి వచ్చింది. ఒకరోజు ఇంజను మీద వంగి ఉండగా ఏదో కాలుతున్న వాసన వచ్చింది. వైరు కాలుతోందని బావమరిదిని నానా మాటలూ అన్నాడు. తీరా చూస్తే కాలుతున్నది తన వేళ్ళ మధ్య మరిచిపోయిన సిగరెట్టు, దానితోపాటు వేలి చర్మం. నొప్పి లేదు. గబుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు మొదలు ఆయన బతుకంతా ఆ చెయ్యి గుట్టు దాచుకోవడమే అయింది.

గుట్టు బయటపడితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే వెనకటికి తనకు పని నేర్పిన ముసలి మేస్త్రికి ఆ పని చేసింది తనే. ముసలాయన చేతులు వణుకుతున్నాయని కనిపెట్టి, షెడ్డు యజమాని చూస్తుండగా, అంచుదాకా పోసిన టీ గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. "తాగండి గురువుగారూ" అన్నాడు ఎంతో మర్యాదగా. టీ అంతా గురువుగారి గుండెల మీద ఒలికింది. మర్నాటి నుంచి ముసలాయన గేటు దగ్గర టైర్లకు గాలి కొట్టే మిషను పక్కన కూర్చున్నాడు. నిన్నటిదాకా ఆయన ముందు చేతులు కట్టుకున్న డ్రైవర్లు "ఏయ్ తాతా, గాలి!" అని కేకలేయడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఆయన రావడం మానేశాడు. ఎందుకు మానేశాడని అడిగిన నాథుడు లేడు.

గేటు దగ్గరి గాలి మిషను ఇప్పటికీ అక్కడే ఉంది. పెద్దమేస్త్రి పొద్దున్నే షెడ్డులోకి వచ్చేటప్పుడు దానివైపు చూడకుండా వస్తాడు.

ఇక గుడ్డ సంగతి చెప్పాలి. ఇంజను పనిలో ఎక్కడ కంత తెరిస్తే అక్కడ గుడ్డ కుక్కాలి. లేకపోతే ఏ నట్టో, విరిగిన ముక్కో లోపలికి జారుతుంది. ఆ గోరంత ముక్కను తీయడానికి ఇంజను మొత్తం విప్పాలి. కుక్కిన గుడ్డకు కొస ఒకటి బయటికి వేలాడుతూ ఉండాలి. కంత మూసేముందు పక్కవాడు "గుడ్డ?" అని అడగాలి. పని చేసేవాడు గుడ్డను పైకెత్తి "ఇదిగో" అని చూపించాలి. అప్పుడే మూత. ఈ రూలు పెట్టింది పెద్దమేస్త్రే. మంచి రూలు. కానీ దానికి ఆయన తగిలించిన తోక మాత్రం ఆయన బుద్ధి లాంటిదే. గుడ్డను లోపల మరిచిపోయినవాడు, ఆ గుడ్డనే పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, గేటు దగ్గర బోర్లించిన డ్రమ్ము మీద పొద్దు వాలేదాకా కూర్చోవాలి. తిండి లేదు, నీళ్ళు లేవు, మాట లేదు. వచ్చేపోయే డ్రైవర్లకు ఉచితంగా వినోదం.

ఆ డ్రమ్ము మీద కూర్చున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కూర్చున్నారు, లేచారు, మర్చిపోయారు. బావమరిది ఒక్కడు మాత్రం లేవలేదనే చెప్పాలి.

అతను నూలుమిల్లు మూతపడితే, మీసాలు వచ్చిన వయసులో, గతిలేక ఈ పనిలోకి వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. "మీ అక్క మొహం చూసి పెట్టుకున్నానురా" అని బావ రోజుకోసారి గుర్తుచేసేవాడు. చేరిన కొత్తలో ఒకసారి గాలి గొట్టంలో గుడ్డ మరిచిపోయాడు. ఇంజను తిప్పకముందే పెద్దమేస్త్రి కనిపెట్టాడు. పైసా నష్టం లేదు. అయినా డ్రమ్ము ఎక్కించాడు. సరిగ్గా ఆ రోజే ఒక పిల్ల తండ్రి, సంబంధం మాట్లాడుకునేముందు అబ్బాయిని పనిచేసేచోట ఒకసారి చూసిపోదామని వచ్చాడు. గేటులోకి వస్తూ డ్రమ్ము మీద మనిషినే అడిగాడు: "బాబూ, మేస్త్రిగారి బావమరిది ఎక్కడుంటాడు?"

నోట్లో గుడ్డ. ఏం చెబుతాడు?

"మీరు వెతుకుతున్న పెళ్ళికొడుకు ఈయనేనండీ! సిగ్గుతో మాట రావట్లేదు!" అని డ్రైవర్లు విరగబడి నవ్వారు. ఆ పెద్దమనిషి ఒక్క క్షణం నిలబడి, గొడుగు తెరుచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. గుడ్డ పీకి అవతల పారేసి, ఆయన వెంట పరుగెత్తి ఉండొచ్చు. అతను పరుగెత్తలేదు. ఆ సంబంధం పోయింది. తర్వాత ఇంకొకటి రాలేదు.

పిల్ల తండ్రి వస్తున్నాడని బావకు తెలియదా అంటే, తెలుసు. ఆ పొద్దున అన్నం పెడుతూ పెళ్ళాం చెప్పింది. తెలిసే డ్రమ్ము ఎక్కించాడు. పెళ్ళయితే బావమరిది వేరుపడతాడు, చెప్పిన పనల్లా చేసే చెయ్యి ఒకటి పోతుంది. ఆయన లెక్క అంతే, అంతకంటే లోతు లేదు.

అప్పటినుంచి అతని పేరు పేలిక. యజమానికీ పేలికే, టీ కొట్టువాడికీ పేలికే. అసలు పేరు ఎవరికీ అవసరం లేకుండా పోయింది. పేలిక అననిది అక్క ఒక్కతే, కానీ ఆవిడా "తమ్ముడూ" అనే పిలిచేది.

పేలిక ఇంకెక్కడికీ పోలేదు. బావ పక్కనే నిలబడి, టార్చి పట్టి, "గుడ్డ?" అని అడగడం అతని ఉద్యోగం. ఏళ్ళు గడిచాయి. బావ వేళ్ళ సంగతి కనిపెట్టింది కూడా అతనొక్కడే. ఎవరితోనూ అనలేదు. పెద్దమేస్త్రి బిగించి పక్కకు వెళ్ళాక, చప్పుడు కాకుండా పానా పెట్టి ప్రతి బోల్టునూ ఇంకొక చుట్టు బిగించేవాడు. పెద్దమేస్త్రి ఒకసారి అది చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు. పోనీ మనసులోనైనా 'చల్లగా ఉండరా' అనుకున్నాడా? లేదు. వాడికి తెలుసు అన్న కోపం ఒక్కటే కలిగింది. గుట్టు తెలిసినవాడి మీద మనిషికి ఎంత కోపం ఉంటుందో, అప్పు ఇచ్చినవాడి మీద కూడా అంత ఉండదు.

ఆ పాత డీజిల్ లారీ వచ్చిన పొద్దున ఎండ అప్పుడే మాడుస్తోంది. లారీ ముందు భాగమంతా ఆవిరి. వెనక, జల్లెడలాంటి ప్లాస్టిక్ బుట్టల్లో అంతస్తులు అంతస్తులుగా కోడిపిల్లలు. నిన్ననో మొన్ననో గుడ్డులోంచి వచ్చిన పసుపు ముద్దలు. అవన్నీ ఒక్కసారిగా అరుస్తుంటే షెడ్డులో మాట మాటకు వినపడలేదు.

మీసాల డ్రైవరు కిందికి దూకి పెద్దమేస్త్రి ముందు చేతులు జోడించాడు. "మేస్త్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. బండి నడుస్తుంటేనే వాటికి గాలి. ఆగితే ఉడికిపోతాయి. ఇదొక్కసారి దాటించు."

"నా కాళ్ళు తర్వాత పడుదువు గాని, ముందు బానెట్ ఎత్తు" అన్నాడు పెద్దమేస్త్రి.

ఇంజను తల వెనక, వేడినీళ్ళు బయటికి వచ్చే కంత దగ్గర, రబ్బరు పైపును ఇంజనుకు కలిపే మోచేయి ముక్క విరిగింది. ఎల్బో అంటారు. ప్లాస్టిక్‌ది. ఏళ్ళ తరబడి వేడికి ఉడికి ఉడికి బిస్కెట్టులా అయిపోయింది. పైపుతోపాటు సగం చేతికొచ్చింది. మిగతా సగం ఉంగరంలా కంతలోనే ఇరుక్కుపోయింది. అలాంటి ఎల్బోలు ఇప్పుడెక్కడా దొరకవు. పెద్దమేస్త్రి తన రేకు డబ్బా వెతికి, ఎప్పుడో తుక్కుకు పోయిన లారీ నుంచి పీకి దాచుకున్న ఇత్తడి ఎల్బో ఒకటి తీశాడు. "దీనికి చావు లేదు. నువ్వు పోతావు, నేను పోతాను, ఇది ఉంటుంది" అని డ్రైవరుకు చూపించాడు.

తర్వాత తన సంచిలోంచి గుడ్డ తీశాడు. ఆయన గుడ్డలు మిగతావాళ్ళలా మిల్లు తుక్కు కాదు. ఆయన పాత చొక్కాలను పెళ్ళాం చదరంగా చింపి, మడతపెట్టి, సంచిలో వేసి పంపేది. ఇది నీలం గళ్ళ చొక్కా. చంక దగ్గర చెమటకు చీకిపోయిన ముక్క. మామూలు రోజుల్లో అయితే వేళ్ళ మధ్య రాసి చూసి "ఇది పనికిరాదు" అని అవతల పారేసేవాడు. ఇప్పుడు అన్ని గుడ్డలూ ఆయనకు ఒకటే గుడ్డ.

దాన్ని స్క్రూడ్రైవరుతో ఉంగరం వెనక్కి తోసి, కొస బయటికి వదిలాడు. రంపపు బ్లేడు ముక్కతో ఆ ప్లాస్టిక్ ఉంగరాన్ని లోపలి నుంచి రెండుచోట్ల కోశాడు. ఇనుముకు గీత పడకూడదు, పడితే అక్కడినుంచే నీళ్ళు కారతాయి. అద్దం లేదు, అడగడానికి మొహం లేదు. పేలిక పక్కన నిలబడి టార్చి ఎక్కడ కావాలో అక్కడికి, చెప్పకుండానే, తిప్పుతున్నాడు. ముక్కలు లోపలికి విరిచి, సన్నమూతి పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, మడ్‌గార్డు మీద పేర్చాడు. పేరిస్తే ఉంగరం పూర్తయింది. ఒక్క పెంకు తక్కువ లేదు. చుట్టూ చేరిన డ్రైవర్లు "అబ్బ, చెయ్యంటే అదీ!" అన్నారు. ఆయన మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు.

కొస పట్టి గుడ్డ లాగాడు. వచ్చింది. తడిగా, ముద్దగా పిడికిట్లో ఉంది. ఎంత బరువుందో వేళ్ళు చెప్పలేదు.

"గుడ్డ?" అన్నాడు పేలిక.

"ఇదిగో." పిడికిలి ఎత్తి చూపించాడు.

అక్కడితో అయిపోవాలి. ఏళ్ళుగా అక్కడితోనే అయిపోతోంది. కానీ పేలిక టార్చి ఆ పిడికిలి మీదికి తిప్పి, కాసేపు చూసి, ఎప్పుడూ అనని మాట అన్నాడు:

"మొత్తం వచ్చిందా, బావా?"

డ్రైవర్లు పెద్దమేస్త్రి మొహంకేసి చూశారు. మిగతావాళ్ళకు అది గుడ్డ గురించి ప్రశ్న. ఆయనకు మాత్రం వేళ్ళ గురించి ప్రశ్న, అదీ నలుగురిలో. పిడికిలి విప్పి చూసుకుంటే పోయేది. క్షణం పని. అలా విప్పి చూసుకున్నాడంటే వేళ్ళకు తెలియట్లేదని ఒప్పుకున్నట్టే.

"ఒరేయ్ పేలికా, నువ్వా నన్నడిగేది?" అన్నాడు గొంతు పెంచి. "ముందు నీ నోట్లో ఉందేమో చూసుకో!"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. వెల్డరు కళ్ళద్దాలు తీసి మరీ నవ్వాడు. పిల్లలు ఉడికిపోతున్నాయని ఏడుస్తున్న మీసాల డ్రైవరు కూడా, మేస్త్రికి కోపం వస్తుందేమోనని కాస్త నవ్వాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పేలిక నవ్వలేదు. టార్చి మాత్రం పట్టుకునే ఉన్నాడు. పెద్దమేస్త్రి పిడికిట్లో ముద్దను తన గుడ్డల డబ్బాలోకి విసిరేసి, ఇత్తడి ఎల్బో మూతికున్న రబ్బరు రింగుకు సబ్బునీళ్ళు రాసి, కంతలో కూర్చోబెట్టాడు. పైపు తొడిగి క్లిప్పు బిగించాడు. ఆయన వెనకే పేలిక వచ్చి, అలవాటు ప్రకారం, క్లిప్పును ఇంకొక చుట్టు తిప్పాడు.

సగమే వచ్చిందని గట్టిగా చెప్పి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. అనండి. ఒక మనిషి నోట్లో మీరంతా కలిసి ఏళ్ళపాటు గుడ్డ కుక్కి, ఆనక వాడు నోరెత్తలేదేమని అడగడం మన లోకంలో ఉన్నదే.

ఇంజనును చల్లబరిచే పచ్చటి కూలెంటు పోశారు. ఇంజను తిప్పారు. చుక్క కారలేదు. వేడి చూపే ముల్లు ఉండాల్సినచోటే ఉంది. కోడిపిల్లల అరుపులతో లారీ గేటు దాటిపోయింది.

మిట్టమధ్యాహ్నం దాన్ని ఇంకొక లారీ తాడు కట్టి లాక్కొచ్చింది. పొద్దున చెవులు చిల్లులు పడేలా అరిచిన బండి ఇప్పుడు చప్పుడు లేకుండా వచ్చింది. అదే అందరికీ ముందు అర్థమైంది. మిట్ట ఎక్కుతుండగా ఇంజను మరిగిపోయి, హెడ్డు పగిలిందట. డ్రైవరు నీడలేని రోడ్డు మీద తాడు కట్టే దిక్కు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడట. డ్రైవరు ఒక బుట్ట దించి మూత తీశాడు. పసుపు ముద్దలు ఒకదాని మీద ఒకటి అంటుకుపోయి, తడిసిన దూదిలా ఉన్నాయి. ఎక్కడో అడుగున ఒకటి రెండు ఇంకా నోరు తెరుస్తున్నాయి, గొంతు రావట్లేదు. డ్రైవరు నేల మీద కూలబడి, తల మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు.

అందరూ లారీ వైపు పరుగెత్తారు. పెద్దమేస్త్రి మాత్రం తన గుడ్డల డబ్బా దగ్గరికి వెళ్ళాడు. పైనే ఉంది. నీలం గళ్ళది, అరచెయ్యంత కూడా లేదు. ఒక వైపు కుట్టిన అంచు, రెండో వైపు చిరుగు. ఆయన దాన్ని కాలితో మురిక్కాలవలోకి నెట్టి, ఇనప కడ్డీతో బురదలోకి పొడిచాడు. వెనక్కి తిరిగితే పేలిక అక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో పానాతో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పేలిక వెళ్ళి లారీ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

వేడెక్కితే తెరుచుకోవాల్సిన వాల్వు దగ్గర, దారికి అడ్డంగా బిగుసుకుపోయి ఉంది గుడ్డ. నీళ్ళ ఉరవడికి అక్కడిదాకా ఈడ్చుకుపోయింది. వెల్డరు పట్టకారుతో పట్టి లాగితే, కూలెంటు కారుతూ, ఉబ్బి, పచ్చగా బయటికి వచ్చింది.

"గుడ్డ!" అని ఒకడు అరిచాడు. ఆ వెంటనే, ఎవరూ ఎవరినీ అడక్కుండానే, షెడ్డంతా ఒకే గొంతుతో అంది: "పేలికా! మళ్ళీనా?"

పెద్దమేస్త్రి వైపు ఒక్కడూ చూడలేదు. పొద్దున ఆయన చేతులతోనే ఆ కంత మూశాడని అక్కడున్న సగంమంది కళ్ళారా చూశారు. అయినా పేరు పేలికది కదా, గుడ్డ ఇంకెవరిదవుతుంది? ఆయన అబద్ధమాడాల్సిన పని కూడా పడలేదు. నోరు మూసుకుంటే చాలు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూటైనా నోరు మూసుకోని మనిషి, ఆ పూట ఎంతో చక్కగా మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంత చక్కగా ఉండలేడు.

యజమాని వచ్చాడు. చచ్చిన కోడిపిల్లలను చూశాడు, గుడ్డను చూశాడు. "ఏం మేస్త్రీ, రూలు నువ్వు పెట్టిందేగా? మరి?" అన్నాడు.

పెద్దమేస్త్రి వెల్డరు చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. పేలిక వైపు నడిచాడు. ఆ నాలుగడుగులూ వేస్తూ, ఇప్పుడంటాడు, ఇప్పుడనేస్తాడు అనుకున్నాడు. 'పొద్దున నేనడిగాను కదా బావా' అంటే చాలు. 'కాలవలో ఇంకో సగముంది, తీసి చూడండి' అంటే చాలు. అన్నాడంటే సాయంత్రానికల్లా గాలి మిషను పక్కన ఉండేది తనే.

పేలిక నోరు తెరిచాడు. మాట కోసం కాదు. మందు తాగే పిల్లాడిలా, పెద్దగా, ఊరికే తెరిచి పట్టుకున్నాడు.

పెద్దమేస్త్రి గుడ్డ లోపల పెట్టాడు. పేలిక పళ్ళు దగ్గరకొచ్చాయి. అవి తన వేలికి తగిలాయో లేదో ఆయనకు తెలియలేదు.

కూలెంటు తియ్యగా ఉంటుంది. తియ్యటి విషం. ఆ గేటు దగ్గరే ఒక కుక్క నేల మీద ఒలికింది నాకి చచ్చింది. డ్రమ్ము మీద కూర్చున్న కాసేపటికే పేలిక పెదవులు వాచాయి. చొంగ మింగకూడదని తల ముందుకు వంచి కూర్చున్నాడు, పచ్చటి చొంగ మోకాళ్ళ మీదికి కారుతోంది. మీసాల డ్రైవరు గుప్పెడు చచ్చిన కోడిపిల్లలను తెచ్చి అతని ఒళ్ళోకి విసిరాడు. "తిను! ఆకలేస్తే తిను!" అన్నాడు. డ్రైవరును తప్పుపట్టలేం. కానీ ఏమీ పోగొట్టుకోనివాళ్ళు కూడా వెళ్ళేటప్పుడు బుట్టలోంచి ఒక్కొక్కటి తీసి విసిరి పోయారు. తిలాపాపం తలా పిడికెడు.

పెద్దమేస్త్రి పెళ్ళాం అన్నం క్యారియరుతో అప్పుడే గేటులోకి వచ్చింది. తమ్ముణ్ణి అలా చూడటం ఆవిడకు కొత్త కాదు. కానీ దగ్గరకొచ్చాక ఆగింది. వంగి, నోట్లోంచి వేలాడుతున్న గుడ్డ చివర రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. నీలం గళ్ళు. తన చేత్తో చింపినది.

భర్త దగ్గరికి వచ్చింది. "మీ చొక్కా కదూ అది?" అంది మెల్లగా.

"గుడ్డ మీద పేరు రాసుంటుందా? అన్నం అక్కడ పెట్టి వెళ్ళు."

ఆవిడ పెట్టలేదు. వెళ్ళలేదు. క్యారియరు తీసుకుపోయి, డ్రమ్ము పక్కన నేల మీద, చచ్చిన పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. పొద్దు వాలేదాకా అలాగే, ఒళ్ళో క్యారియరుతో. ఆ మధ్యాహ్నం ముగ్గురికీ తిండి లేదు. పొద్దు వాలాక పేలిక గుడ్డ తీసి, పిండి, మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. అక్క చెయ్యి పట్టి లేపింది.

మర్నాడు యజమాని పెద్దమేస్త్రిని పిలిచి, "ఆ పేలికను ఇంకెప్పుడూ ఇంజన్ల దగ్గరికి రానివ్వకు. గాలి కొట్టుకోమను" అన్నాడు. అలా గేటు దగ్గర గాలి మిషను పక్కన పేలిక కూర్చున్నాడు. పెద్దమేస్త్రి చోటు పెద్దమేస్త్రికి మిగిలింది. దక్కించుకోవాలనుకున్నది దక్కింది. ఇంట్లో మటుకు పాత చొక్కాలు చింపేవాళ్ళు లేకపోయారు. సంచి ఖాళీగా మేకుకు వేలాడేది. ఆయన మిల్లు తుక్కుతో సరిపెట్టుకున్నాడు.

షెడ్డులో పనీ మారింది. ఆయన బిగించిన బోల్టుల దగ్గర నూనె కారడం మొదలైంది. క్లిప్పులు వదులయ్యాయి. బళ్ళు వెళ్ళినట్టే వెళ్ళి తిరిగి వస్తున్నాయి. యజమాని కుర్చీ తెచ్చుకుని ఆయన పని చేసేచోటికి కాస్త దగ్గరగా వేసుకుని కూర్చుంటున్నాడు. పక్కన నిలబడి "గుడ్డ?" అని అడగడానికి ఎవడికీ ధైర్యం లేదు. ఆ నోటి నుంచి ఏం వింటామో అందరికీ తెలుసు.

ఒకరోజు మళ్ళీ అలాంటిదే, ఇంకో పాత లారీకి నీళ్ళ పైపు మూతి విరిగింది. చుట్టూ డ్రైవర్లు, కుర్చీలో యజమాని. ముక్కలు తీయడం అయింది. గుడ్డ లోపలుంది. మూయాలి. పెద్దమేస్త్రి చెయ్యి సందులో పెట్టి ఆగిపోయాడు. కొస పట్టుకున్నాడా, పైపు అంచు పట్టుకున్నాడా, ఉత్త గాలి పట్టుకున్నాడా? వేళ్ళు ఏమీ చెప్పలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. తల తిప్పి గేటు వైపు చూశాడు. పిలుద్దామంటే పేలిక అన్న మాట నోటికి అడ్డం పడింది. అసలు పేరు ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"ఒరేయ్, బావమరిదీ" అన్నాడు. "ఒక్కసారి ఇలా రా. మొత్తం వచ్చిందో లేదో... కాస్త చూసి చెప్పు."

గాలి పైపు పక్కన పడేసి అతను వచ్చాడు. లారీ దగ్గరికి కాదు, బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు వాచి పగిలిన పెదవులు ఇంకా మానలేదు. ఆ రోజులాగే నోరు పెద్దగా తెరిచాడు. నాలుక ఎత్తి చూపించాడు, అటూ ఇటూ దవడలు చూపించాడు. ఎవరికీ ఏ అనుమానమూ మిగలకుండా చూపించాక మూశాడు.

"చూసుకున్నావుగా బావా? నా నోట్లో లేదు" అన్నాడు. వెనక్కి వెళ్ళి టైరు దగ్గర కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. యజమాని కుర్చీలోంచి లేచాడు. పెద్దమేస్త్రికి ఇక చేయగలిగింది ఒక్కటే మిగిలింది. గేటు వైపు నుంచి చూపు తిప్పుకోకుండానే సందులోంచి చెయ్యి బయటికి లాగి, ఎన్నో ఏళ్ళ అలవాటుకొద్దీ, పిడికిలి బిగించి పైకెత్తి, అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు.

"ఇదిగో."

జవాబుగా ఒక్క చప్పుడు కూడా రాకపోయేసరికి, తనే తల ఎత్తి చూసుకున్నాడు. పిడికిట్లో ఏమీ లేదు.